బింజ్ ఈటింగ్ నుంచి కోలుకునేటప్పుడు ఏది గెలుపు, ఏది కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఏడు నెలల కిందట వారానికి ఐదారుసార్లు అదుపు తప్పి తినేవారు (బింజ్ ఈటింగ్ అంటే ఇదే), చికిత్స మొదలయ్యాక అది రెండు మూడుసార్లకు తగ్గింది. ప్రతి వారం చిన్న చిన్న గెలుపులు రాసుకుని రమ్మని మీ కౌన్సెలర్ చెబుతున్నారు గానీ, కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే మీకు ఒక్కటీ తోచడం లేదు. నిన్న రాత్రి మళ్ళీ జరిగింది. ఇలాంటి స్థితిలో గెలుపులంటూ వెతుక్కోవడం తనను తాను మభ్యపెట్టుకోవడమే కదా అన్నది మీ సందేహం. ఉదయం అల్పాహారం ముగించి కూర్చుని ఇదంతా రాస్తున్నానని మధ్యలో ఒకచోట అన్నారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. ఎపిసోడ్, అంటే అలా అదుపు తప్పి తినడం, జరగని రోజుల్లో మాత్రమే గెలుపును వెతికితే అది మీకు కనిపించదు. ఎపిసోడ్‌కు ముందు, అది జరుగుతుండగా, అన్నిటికన్నా ముఖ్యంగా అది ముగిశాక మీరు చేసే పనుల్లో వెతకండి. అలాంటిది ఒకటి మీ ప్రశ్నలోనే ఉంది. రాత్రి అంత తిన్న తరువాత కూడా ఈ ఉదయం మీరు అల్పాహారం మానలేదు. దాన్ని మీరు పట్టించుకోనక్కరలేని వివరంలా వాక్యం మధ్యలో వదిలేశారు. నాకు మాత్రం మీరు రాసిన మొత్తంలో అదే మొదట కంటబడింది. ఎందుకో కింద వివరిస్తాను. మభ్యపెట్టుకోవడం గురించిన మీ అనుమానం న్యాయమైనదే కనుక దానికీ విడిగా సమాధానం రాస్తాను.

నేను క్లినికల్ సైకాలజిస్టును. పద్నాలుగేళ్లుగా, తిండికి సంబంధించిన రుగ్మతలతో బాధపడేవారితోనే ఎక్కువగా పనిచేస్తున్నాను. ఇక్కడ చెప్పే ఉదాహరణల్లో మనుషులను పోల్చుకోవడానికి వీలు లేకుండా వివరాలు మార్చాను.

మొదట మీ అంకెల సంగతి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 బింజ్ ఈటింగ్ డిజార్డర్‌ను ఒక ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. సగటున వారానికి కనీసం ఒక ఎపిసోడ్ చొప్పున మూడు నెలలపాటు సాగితే రుగ్మతగా పరిగణిస్తారు. తీవ్రతను కూడా అందులో వారానికి జరిగే ఎపిసోడ్లను బట్టే చెబుతారు: 1 నుంచి 3 వరకు స్వల్పం, 4 నుంచి 7 వరకు మధ్యస్థం, 8 నుంచి 13 వరకు తీవ్రం, 14 లేదా అంతకన్నా ఎక్కువైతే అతితీవ్రం. ఈ కొలత ప్రకారం ఐదారు నుంచి రెండు మూడుకు వచ్చిన మీరు ఒక మెట్టు దిగారు. వారానికి రెండుసార్లు జరిగినా జీవితం అతలాకుతలమయ్యేవారు ఉంటారు కాబట్టి ఈ అంకెలే సర్వస్వమని అనను. కానీ 103 డిగ్రీల జ్వరం 100కు దిగిన మనిషి "ఇంకా జ్వరం ఉంది, ఏమీ మారలేదు" అంటే మనం ఒప్పుకోము. మీ విషయంలో మీరు అంటున్నది సరిగ్గా ఆ మాటే.

మరి మీకు ఆ మార్పు ఎందుకు కనిపించడం లేదు? ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. ఈ పనిలోకి వచ్చిన తొలి ఏళ్లలో నేను చికిత్సకు వచ్చినవారికి ఒక క్యాలెండర్ ఇచ్చేవాడిని. ఎపిసోడ్ లేని ప్రతి రోజుకూ ఒక నక్షత్రం వేసుకుని రమ్మనేవాడిని. కొందరు ఉత్సాహంగానే వేసుకునేవారు. ఒక యువతి వరుసగా ఇరవై మూడు నక్షత్రాలు వేసుకుంది. ఇరవై నాలుగో రోజున ఎపిసోడ్ జరిగింది, ఆ తరువాతి వారం ఆమె రాలేదు, మరుసటి వారమూ రాలేదు. నెలన్నర తరువాత వచ్చి, "లెక్క సున్నాకు వచ్చేసింది, ఇంక మీ దగ్గరకు ఏ ముఖం పెట్టుకుని రాను?" అంది. అంతకు ముందు ఆమెకు వారానికి నాలుగు ఎపిసోడ్లు ఉండేవి. ఇరవై నాలుగు రోజుల్లో ఒక్కటి జరగడమంటే అదెంత పెద్ద మార్పో చెప్పవలసిన క్యాలెండర్, ఆమెకు సున్నా అన్న ఒక్క మాట చెప్పి ఊరుకుంది. నేనిచ్చిన సాధనమే ఆమె జబ్బు మాట్లాడే భాషలో మాట్లాడింది. ఆ తరువాత ఆ క్యాలెండర్ ఎవరికీ ఇవ్వలేదు.

ఆ భాష మనందరికీ తెలిసినదే. నిండా మునిగినవాడికి చలేమిటి అంటాం కదా, అదుపు తప్పి తినడాన్ని నడిపించేది చాలావరకు ఆ తర్కమే. 1975లో హెర్మన్, మాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ఒక ప్రయోగం ఈ రంగంలో అందరికీ తెలుసు. వారు కొందరు విద్యార్థినులకు ముందుగా మిల్క్‌షేక్ ఇచ్చి, ఆ తరువాత రుచి చూసి చెప్పాలనే నెపంతో ఐస్‌క్రీమ్ కావలసినంత పెట్టారు. ఆహారం విషయంలో తమను తాము కట్టడి చేసుకోని వారు, ముందు తాగినదాన్ని బట్టి ఐస్‌క్రీమ్ తగ్గించుకున్నారు. ఎప్పుడూ కట్టడిలో ఉండేవారు మాత్రం, మిల్క్‌షేక్ తాగినప్పుడే ఎక్కువ ఐస్‌క్రీమ్ తిన్నారు. నియమం ఎలాగూ చెడింది, ఇక ఆపి ఏం లాభం అన్నదే వారి లెక్క. "ఎపిసోడ్ లేని రోజులు" అనే వరుసను లెక్కపెట్టుకోవడం కూడా ఇలాంటి నియమమే. అది నిలిచినంతకాలం ఊపిరి బిగబట్టి ఉంటారు, తెగిన మరుక్షణం వారమంతా దానితో పోతుంది. పైగా మద్యం మానినవారు సీసా జోలికి పోకుండా బతికేయవచ్చు, తిండిని మనం రోజుకు నాలుగైదుసార్లు ఎదుర్కోక తప్పదు కనుక మచ్చలేని వరుసను ఆశించడమే ఇక్కడ సరికాదు.

ఇక ఎపిసోడ్ తరువాతి పూట. చికిత్సలో ఇంతకన్నా బరువైన విషయం నాకు తెలిసి లేదు. ఎక్కువమంది దారి ఇలా ఉంటుంది: రాత్రి అదుపు తప్పుతుంది, పొద్దున్నే సిగ్గు, ఆ సిగ్గుతో అల్పాహారం మానేస్తారు, మధ్యాహ్నం ఏదో కొద్దిగా తింటారు, సాయంత్రానికి ఒళ్లు, మనసు రెండూ ఆకలితో మండుతుంటాయి, ఆ రాత్రి మళ్ళీ అదుపు తప్పుతుంది. వారు రెండో రాత్రి జరిగినదాన్ని తమ బలహీనతగా చెప్పుకుంటారు గానీ, అది ఉదయం మానేసిన భోజనం చేసిన పని. మనిషి స్వభావంతో దీనికి సంబంధం తక్కువని తెలుసుకోవాలంటే, 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ బృందం జరిపిన అర్ధాకలి ప్రయోగాన్ని తలుచుకుంటే చాలు. శారీరకంగానూ మానసికంగానూ ఆరోగ్యంగా ఉన్నారని పరీక్షించి ఎంపిక చేసిన 36 మంది యువకులకు 24 వారాలపాటు సగం తిండి మాత్రమే పెట్టారు. వారి ఆలోచనలన్నీ తిండి చుట్టూ తిరగడం మొదలైంది. ఆ తరువాత మళ్ళీ స్వేచ్ఛగా తిననిచ్చినప్పుడు వారిలో కొందరు కడుపు పగిలేలా తిన్నా ఆకలి తీరలేదన్నారు. అంతకు ముందు వారికి ఇలాంటి రుగ్మత ఏదీ లేదు.

అందుకే ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన చికిత్సా పద్ధతిలో తొలి మెట్టు వేళకు తినడం. రోజుకు మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడుసార్లు ముందే అనుకున్న చిరుతిండి, ఏ రెండింటి మధ్యనైనా నాలుగు గంటలకు మించని ఎడం. ఏం తినాలన్నది అప్పటికి రెండో విషయం. ఎప్పుడు తినాలన్నదే మొదటిది. ఎపిసోడ్ జరిగినా సరే, తరువాతి పూట దాని వేళకు అది పడాలి.

చెప్పడానికి తేలికే. ఒక ఉపాధ్యాయిని ఉదాహరణ చెబుతాను. పన్నెండేళ్లుగా ఆమెకు ఇదే అలవాటు: రాత్రి జరిగితే మరునాడు సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టరు. చికిత్స మొదలైన ఎనిమిదో వారంలో ఆమె నోటుపుస్తకంలో ఒక పేజీ చూశాను. "ఉదయం 8:30. ఆకలి లేదు. అయినా కూర్చుని తిన్నాను. తింటుంటే ఏడుపు వచ్చింది. 8:50కి లేచాను." దాన్ని ఆమె ఆ వారపు ఓటముల జాబితాలో రాసుకున్నారు, ఏడ్చానని. పన్నెండేళ్ల తరువాత తొలిసారిగా ఆ గొలుసులో ఒక లంకె తెగింది ఆ ఇరవై నిమిషాల్లోనే. ఆ వారంలో ఆమెకు ఎపిసోడ్లు ఏమాత్రం తగ్గలేదు. తగ్గడం రెండు వారాల తరువాత మొదలైంది. గెలుపు ముందు వస్తుంది, అంకె తరువాత మారుతుంది. వరుసగా చాలామందిలో ఇదే చూశాను కనుక కొంత ధీమాగానే చెబుతున్నాను.

ఎపిసోడ్ మధ్యలో గెలుపేమిటని మీకు అనిపించవచ్చు. ఈ రుగ్మతకు ప్రాణం పరిమాణంలో కన్నా అదుపు పోయిన భావనలో ఉంది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 అయితే, తిన్నది మరీ ఎక్కువ కాకపోయినా, ఆపుకోలేకపోయాననే అనుభవం ఉంటే దాన్ని కూడా ఎపిసోడ్‌గానే లెక్కిస్తుంది. అదుపు పోవడమే జబ్బు అయినప్పుడు, ఎపిసోడ్ మధ్యలో అదుపు ఒక్క అంగుళం వెనక్కి వచ్చినా అది మార్పే. రాత్రి షిఫ్టుల్లో పనిచేసే ఒకాయన నాకు చూపించిన పేజీలో ఇలా ఉంది: "రాత్రి 1:40. వంటగదిలో నిలబడి డబ్బాలోంచే తింటున్నాను. లైటు వేయలేదు. మధ్యలో ఎందుకో లైటు వేసి ప్లేటు తెచ్చుకున్నాను. ప్లేటులో పెట్టుకుని కూడా చాలానే తిన్నాను." ప్లేటు తెచ్చుకోవడం గురించి ఆయన సిగ్గుపడుతూ నవ్వారు, అదేదో పిచ్చిపని అన్నట్టు. మేము ఆ రోజు గంటలో సగం ఆ ప్లేటు గురించే మాట్లాడుకున్నాం. లైటు వేయాలన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? ప్లేటు కోసం అల్మరా దాకా నడిచిన ఆ నాలుగు అడుగుల్లో చేతులు ఖాళీగా ఉన్నాయి కదా, అప్పుడు ఏమనిపించింది? అదుపు పూర్తిగా పోయిన మనిషి ప్లేటు తెచ్చుకోడు. ఆ రాత్రి ఆయన ఎంత తిన్నారన్నది నాకు ముఖ్యం అనిపించలేదు.

ఇలాంటివే మరికొన్ని: ప్యాకెట్ చివరిదాకా కాకుండా కొంత మిగలడం, మిగిలినదాన్ని శిక్షగా చెత్తబుట్టలో వేయకుండా మూతపెట్టి మళ్ళీ అల్మరాలో పెట్టడం, తినడం వేగం తగ్గడం, "ఇప్పుడు నాకు జరుగుతున్నది ఇది" అని తింటూనే గుర్తించగలగడం. ఖాళీ ప్యాకెట్లను ఇంట్లోవారి కంటబడకుండా సంచిలో చుట్టి బయట పారేసే ఒక యువకుడు, ఒకరోజు వాటిని మామూలుగా ఇంటి చెత్తబుట్టలోనే వేశాడు. ఎవరూ గమనించలేదట, ఏమీ అనలేదట. కానీ అతనికి దాపరికమే సగం రోగం కనుక, ఆ చెత్తబుట్టను నేను పెద్ద సంఘటనగానే లెక్కించాను.

ఎపిసోడ్‌కు ముందరి గెలుపుల గురించి అందరూ రాస్తారు కనుక క్లుప్తంగా ముగిస్తాను. తినేయాలన్న తహతహ అలలా లేచి, ఒక ఎత్తుకు చేరి, తనంతట తానే దిగుతుంది. దాన్ని అణచకుండా, దానికి లొంగకుండా చూస్తూ కూర్చోవడాన్ని వ్యసనాల చికిత్సలో అలన్ మార్లట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చారు. పది నిమిషాలు ఆగి చివరికి తిన్నా, ఆ పది నిమిషాలు మీవే. నిన్నటిదాకా తహతహకూ చేతికీ మధ్య ఎడమే లేని చోట ఇవాళ పది నిమిషాలు ఉన్నాయి. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. మీరు ఆపుతున్నది నిజమైన ఆకలి అయితే, చివరిసారి తిని ఐదు గంటలు అయి ఉంటే, ఆగడం గెలుపు కాదు. అప్పుడు కూర్చుని భోజనం చేయడమే సరైన పని.

ఈ చివరి మాట దగ్గరే మభ్యపెట్టుకోవడం గురించిన మీ ప్రశ్న మొదలవుతుంది. ఈ జబ్బుకు గెలుపు వేషం వేయడం బాగా తెలుసు. "ఈ రోజు మధ్యాహ్నం దాకా ఏమీ తినలేదు", "తీపి పూర్తిగా మానేశాను", "రాత్రి తిన్నదానికి సరిపడా రెండు గంటలు నడిచాను" అని మెరిసే కళ్లతో చెప్పేవారు నా దగ్గరకు వస్తుంటారు. వినడానికి ఇవన్నీ పట్టుదలలా ఉంటాయి, ఇంట్లోవారు మెచ్చుకుంటారు కూడా. నేను వీటిని గెలుపుల్లో రాయనివ్వను. వీటిలో ప్రతిదీ తరువాతి ఎపిసోడ్‌కు పునాది వేస్తుంది. నాకు పనికొచ్చిన గీటురాయి ఇది: ఈ పని వల్ల నా తరువాతి భోజనం వేళకు పడే అవకాశం పెరిగిందా, తగ్గిందా? తగ్గించేది ఏదైనా, అది ఎంత ఘనంగా కనిపించినా, గెలుపు కాదు. రెండోది, గెలుపు ఎప్పుడూ ఒక పని అయి ఉండాలి, దానికి వేళ, చోటు ఉండాలి. "ఈ వారం నన్ను నేను ప్రేమించుకున్నాను" అన్న వాక్యం మీద మీకు అనుమానం కలిగితే అది సహజమే, నాకూ కలుగుతుంది. "మంగళవారం రాత్రి ఎపిసోడ్ మధ్యలో అక్కకు ఫోన్ చేశాను" అన్న వాక్యాన్ని అనుమానించడానికి ఏమీ లేదు. అది జరిగింది, మునుపు జరిగేది కాదు. మభ్యపెట్టుకోవడమంటే లేనిదాన్ని ఉందనుకోవడం, మీరు చేస్తున్నది మాత్రం ఉన్నదాన్ని లేదనుకోవడం. రెండింటిలోనూ లెక్క తప్పుతుంది.

బరువు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది గెలుపును త్రాసు మీద వెతుకుతారు. బ్రిటన్‌కు చెందిన, వైద్య చికిత్సలకు మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ విషయాన్ని దాపరికం లేకుండా చెప్పింది: బింజ్ ఈటింగ్‌కు చేసే మానసిక చికిత్సల ప్రభావం శరీర బరువు మీద పరిమితంగానే ఉంటుంది, బరువు తగ్గించడం ఆ చికిత్స లక్ష్యం కాదు, చికిత్స సాగుతుండగా బరువు తగ్గే ప్రయత్నాలు చేస్తే అవి ఎపిసోడ్లను రేపే అవకాశం ఉంది. ఈ మాట మొదటి రోజే చెప్పకపోతే, ఎపిసోడ్లు సగానికి తగ్గిన మనిషి కూడా త్రాసు మీద నిలబడి తనకేమీ ఒరగలేదని ఇంటికి వెళ్లిపోతారు. అలా వెళ్లిపోయినవారిని చూశాను. మీరు బరువు చూసుకునే అలవాటు ఉన్నవారైతే, ఎప్పుడు ఎలా చూసుకోవాలో మీ కౌన్సెలర్‌తో కలిసి నిర్ణయించుకోండి, రోజూ మాత్రం చూసుకోకండి.

ఇంకొక విషయం, దీన్ని ముందుగా చెప్పేవారు తక్కువ. ఎపిసోడ్లు తగ్గిన వారాల్లో మనసు తేలికపడకపోగా మరింత బరువెక్కవచ్చు. ఇన్నాళ్లూ కోపం, ఒంటరితనం, దుఃఖం, విసుగు వచ్చిన ప్రతిసారీ వాటి మీద తిండిని కప్పేవారు. ఆ దుప్పటి తీసేస్తే కింద ఉన్నవన్నీ కనిపిస్తాయి. "తినడం తగ్గింది గానీ చీటికీమాటికీ ఏడుపు వస్తోంది, నాకు జబ్బు ముదురుతోందా?" అని అడిగినవారు ఉన్నారు. చాలాసార్లు అది ముదరడం కాదు. మీ నోటుపుస్తకంలో "ఈ రోజు అమ్మ మీద కోపం వచ్చింది, కోపంగానే ఉండిపోయాను" అని రాసుకోవలసిన రోజు వస్తే, దాన్ని గెలుపుల్లోనే రాయండి, ఏ ఆనందమూ అనిపించకపోయినా సరే. గెలుపు గెలుపులా అనిపించి తీరాలన్న నియమం లేదు. మీకు కాగితం ముందు ఏమీ తోచకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. మీరు సంతోషాన్ని వెతుకుతున్నారు, ఇక్కడ దొరికేవేమో ఎక్కువగా ముఖం ముడుచుకుని ఉంటాయి.

రాసుకునే పద్ధతి గురించి రెండు మాటలు. రాత్రి పడుకునేముందు రోజంతా తలుచుకుని రాయకండి. అప్పటికి మనసు తీర్పు చెప్పేసి ఉంటుంది, గుర్తుకు వచ్చేవి ఆ తీర్పుకు అనుకూలమైనవే. జరిగినప్పుడే, ఫోనులోనో చిన్న పుస్తకంలోనో వేళ, చోటు, ఏం చేశానన్నది ఒకటి రెండు వాక్యాల్లో రాయండి; విశేషణాలు వద్దు. "మళ్ళీ సిగ్గులేకుండా తిన్నాను" అని రాస్తే ఆ వాక్యం నుంచి మీ కౌన్సెలర్ నేర్చుకునేది ఏమీ ఉండదు. "10:15, హాల్లో, సాయంత్రం 4 తరువాత ఏమీ తినలేదు" అని రాస్తే ఆ రాత్రి కథ మొత్తం అందులో ఉంటుంది. లెక్కపెట్టుకోవాలనే ఉంటే వరుస రోజులను వదిలేసి, నాలుగు వారాలకొకసారి మొత్తం ఎపిసోడ్లు ఎన్నో, ఎపిసోడ్ తరువాతి పూట ఎన్నిసార్లు వేళకు తిన్నారో రెండు అంకెలు వేసుకోండి. మొదటిది మెల్లగా తగ్గుతుంది, మధ్యలో పెరుగుతుంది కూడా. రెండోది మాత్రం మీ చేతిలో ఉన్నది.

ఇతరుల మెప్పు విషయంలో జాగ్రత్తగా ఉండండి. ఇంట్లో ఒకరికి చెప్పడం మంచిదే, ఈ జబ్బు ఒంటరితనంలో బలుస్తుంది. కానీ "నాకు ప్లేటు తెచ్చుకోవడం గెలుపు" అని చెబితే, ప్రేమ ఉన్నవారు సైతం అర్థం కాక నవ్వవచ్చు, "ఈ వారం ఎన్నిసార్లు?" అని రోజూ అడిగి లెక్క పెట్టడం మొదలుపెట్టవచ్చు. చెప్పేటప్పుడే ఏం అడగాలో, ఏం అడగకూడదో కూడా చెప్పండి. "తిన్నావా?" అనడం కన్నా "భోజనానికి కూర్చుందామా?" అనడం చాలామందికి మేలు చేసింది.

చిన్న గెలుపులు చికిత్సకు బదులు కావు, ఈ మాట గట్టిగానే చెప్పాలి. ఎపిసోడ్లు వరుసగా కొన్ని వారాలు పెరుగుతూ పోతున్నా, తిన్నదాన్ని బలవంతంగా కక్కడం, విరేచనాల మాత్రలు వాడటం మొదలైనా, మీకు మధుమేహం ఉండి ఇన్సులిన్ వాడుతున్నా, రోగ నిర్ధారణ మారవచ్చు లేదా శరీరానికి ప్రమాదం ఉండవచ్చు కనుక వెంటనే డాక్టరుకు చెప్పాలి. బతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే తరువాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే మనిషికి చెప్పాలి, మీ కౌన్సెలర్‌కో, దగ్గరివారికో, ఆసుపత్రి అత్యవసర విభాగంలోనో. ఇవేవీ లేకపోతే, ఏడు నెలల్లో సగానికి తగ్గిన మీ లెక్కను చూసి నేను చికిత్స మార్చమని చెప్పను. తగ్గడం గత రెండు నెలలుగా అక్కడే ఆగిపోయి ఉంటే మాత్రం ఆ సంగతి మీ కౌన్సెలర్ ముందు పెట్టండి. ఆగిన చోట సాధారణంగా ఏదో ఒక పూట ఇంకా మానేస్తూ ఉంటారని నా అనుభవం.

నిన్నటి ఎపిసోడ్ తిరగబెట్టడం కిందకు వస్తుందా అని కూడా మీకు మనసులో ఉండే ఉంటుంది. ఒక రాత్రి కాలు జారడం వేరు, పాత అలవాట్లన్నీ పాత తీరులోనే మళ్ళీ స్థిరపడటం వేరు. ఒకటి రెండోదిగా మారేది ఆ మరునాటి పగటిపూటలోనే, ఎక్కువగా మానేసిన భోజనాల ద్వారా. మీరు ఉదయం తిన్నారు కనుక నిన్నటి రాత్రి ఇప్పటివరకు నిన్నటి రాత్రిగానే ఉంది.

వచ్చే వారం కాగితం మీద మొదటి వాక్యంగా తేదీ వేసి, "రాత్రి ఎపిసోడ్ జరిగింది, ఉదయం అల్పాహారం తిన్నాను" అని రాసుకుని వెళ్లండి. వేళ గుర్తుంటే అదీ రాయండి. ఈ సమాధానం మీ కంటబడేసరికి మధ్యాహ్న భోజనం వేళ దాటుతుండవచ్చు, ఆకలి లేదనిపించినా దాన్ని మానకండి.